గాలి అందని బండి

"బండి లాగడం లేదు."

పాత టర్బో డీజిల్ కారు ఉన్నవాడు షెడ్డులోకి వచ్చి చెప్పేది ఈ మూడు మాటలే. నేను వీటి మీదే బతికాను, ఇల్లు కట్టాను, పొట్ట కూడా పెంచాను. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోగి కనీసం నాలుకైనా చాపుతాడు. బండి అదీ చేయదు. ఊరికే నిలబడి, నువ్వే కనుక్కో అన్నట్టు చూస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాయమని కొందరు అడిగారు. నన్ను బడి ఎనిమిదో తరగతి దాకా భరించింది, తర్వాత ఇద్దరం రాజీకి వచ్చి విడిపోయాం. తెలుగు రాయడం మా నాయనమ్మ నేర్పింది. పుదుచ్చేరిలో మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ రాసేవాళ్ళు తక్కువ. అందుకే తప్పులున్నా పట్టుకునేవాళ్ళు లేరన్న ధైర్యంతో రాస్తున్నాను.

ముదలాళి, చాప

నేను పని నేర్చుకుంది తట్టాంచావడిలో ఒక రేకుల షెడ్డులో. యజమాని సెల్వరాజు. మేమంతా ఆయన్ని ముదలాళి అనేవాళ్ళం. మనిషి సన్నం, గొంతు లావు. స్పానర్ అడిగితే చేతికివ్వడు, విసురుతాడు. పట్టుకుంటే పని వచ్చినట్టు, పట్టుకోకపోతే కట్టు కట్టించుకోవాలి. ఆయన ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకోలేదు. నా పెళ్ళికి వచ్చి భోజనం చేసి, సాంబారు బాగుందని చెప్పి పోయాడు. అంత పెద్ద పొగడ్త ఆ షెడ్డులో ఎవరికీ దక్కలేదు.

ఆయన దగ్గరికి పాత డీజిల్ కారొకటి వచ్చింది. లాగడం లేదు. అప్పటికి నాకు పని కొంచెం తెలుసు, తెలుసన్న గర్వం చాలా ఎక్కువ. బానెట్ ఎత్తాను. డీజిల్ ఫిల్టర్ మార్చాను, పైపులు ఊడదీశాను, ఇంజక్టర్ల మీద చెయ్యి వేయబోయాను. ముదలాళి బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ అంతా చూశాడు. నేను చెమటతో తడిసి ముద్దయ్యాక లేచి వచ్చి, డ్రైవరు సీటు తలుపు తీసి, కాళ్ళ కింద ఉన్న కొబ్బరి పీచు చాప బయటికి లాగాడు. దాని కింద ఇంకొక చాప. దాని కింద రబ్బరుది. మూడు చాపల ఎత్తు మీద ఆక్సిలరేటర్ సగానికే ఆగుతోంది. కారు యజమాని భార్య శుభ్రమైన మనిషి, పాత చాప తీయకుండానే కొత్త చాప వేస్తూ వచ్చింది.

"బానెట్ ఎత్తే ముందు బండి తోలేవాడి పక్కన కూర్చో. వాడి కాలు చూడు, చెయ్యి చూడు. ఇంజను యాడికీ పారిపోదు" అన్నాడు ముదలాళి, తమిళం సగం, మా తెలుగు సగం కలిపి. ఆ తెలుగు మా దగ్గర నేర్చుకున్నదే, తిట్టడానికి పనికొస్తుందని.

ఆయన మంచి మనిషి అని నేను చెప్పను. ఆయన దగ్గర నేర్చుకోకపోయి ఉంటే మాత్రం నేను మనుషుల బండ్లు చెడగొట్టి బతికేవాణ్ణి.

టర్బో అంటే అంత భయం ఎందుకు

ఇంజను తాగేది డీజిలే అయినా దాని బలమంతా గాలిలో ఉంది. సైలెన్సర్ వైపు పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద అవతలి వైపు ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి ఇంజనులోకి తోస్తుంది. టర్బో అంటే అంతే. పోయే ఊపిరితో వచ్చే ఊపిరిని నెట్టించే తెలివి. కనిపెట్టినవాడు మహా పిసినారి అయి ఉంటాడు.

కాబట్టి బండి లాగకపోతే ముందు పొగ చూడండి. తొక్కినప్పుడు నల్లగా కక్కుతుంటే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు. పొగ లేకుండా నీరసంగా ఉంటే డీజిలే చాలడం లేదేమో, లేదా బండిలోని కంప్యూటరు ఏదో చూసి భయపడి పట్టి ఉంచిందేమో. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది. అలాగే చక్రాలు చేత్తో తిప్పి చూడండి. బ్రేకు పట్టుకుని ఉన్న బండిని తీసుకొచ్చి ఇంజను బాగాలేదనేవాళ్ళు ఎంతమందో. క్లచ్ అరిగిపోతే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మా ఇంట్లో నా లాగ.

చూడవలసినవి ఇన్ని ఉండగా, బానెట్ ఎత్తీ ఎత్తకముందే "టర్బో పోయింది" అనేవాణ్ణి నమ్మకండి. నాకు బాగా దగ్గరివాళ్ళు కూడా అలా అన్నారు. తెలియక కాదు. తెలియదని చెప్పడానికి సిగ్గు, టర్బో పోయిందని చెప్పడానికి సిగ్గు లేదు.

గోవిందు మామ

ఇక అసలు సంగతికి వస్తాను. అప్పటికి నాకు సారం అనే పేటలో సొంత షెడ్డు. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్న వేళ గోవిందు మామ బండి వచ్చి ఆగింది. బండి మీద డి. గోవిందసామి అని పేరుంటుంది. మాకు మాత్రం మామ. రక్తసంబంధం కాదు, కోసపాళయంలో మా ఇంటి పక్క ఇల్లు. ఏడు సీట్ల పాత టర్బో డీజిల్ బండి ఆయనది. దాంట్లోనే మనుషులను చెన్నై విమానాశ్రయానికీ ఆస్పత్రులకూ తిప్పుతాడు. వయసు డెబ్బైకి దగ్గర. మనిషి ఇంకా నిటారుగానే ఉంటాడు, చొక్కా అసలే వంగదు, గంజి అలాంటిది.

"రత్నం, బండి లాగడంల్యా" అన్నాడు.

"బండా మామా, నువ్వా?"

ఎప్పుడూ అయితే నాలుగు మాటలు తిరిగి ఇచ్చేవాడు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తిండివనం దారిలో లారీని దాటబోయాడట. వెనక సీట్లో ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్న ముసలావిడ, ఆమె కొడుకు. రోడ్డు ఖాళీ చూసుకుని కుడివైపుకి వచ్చి తొక్కితే బండి లేవలేదు. లారీ పక్కనే నిలబడిపోయినట్టు ఉండిపోయింది. ఎదురుగా బస్సు. చివరికి వెనక్కి తగ్గి లారీ వెనక దూరాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ముసలావిడ కొడుకు ఇంటికి వచ్చి, ఈ వయసులో ఈయన బండి తోలడం అవసరమా అని మామ భార్య రాజమ్మత్తతో అని పోయాడు.

"మీ యత్త ఏమనిందో తెలుసునా? ఈ వారంలో బండి బాగు కాకపోతే తాళం తెచ్చి నా చేతికియ్యి, ఇంక నువ్వు తోలేదొద్దు అనింది. నేనూ సరే అని చెప్పేసినా."

"చెప్పేస్తివా?"

"ఆ బస్సు లైటు చూసినప్పుడు నాకూ అట్లే తోచింది రా."

టర్బో పోయిందని ఇంకో షెడ్డులో చెప్పారట. ఆ పాత బండికి టర్బో మార్చడం కన్నా బండి అమ్ముకోవడం మేలని కూడా చెప్పారట. మామ బండి అమ్మితే ఇంకో బండి కొనడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కోసపాళయంలో అరుగు మీద కూర్చుని పోయే బండ్లను లెక్కపెట్టే మామను ఊహించుకుంటే నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రాని విషయాలు తక్కువ.

పక్క సీటు

ముదలాళి మాట ప్రకారం బానెట్ ముట్టకుండా పక్కన కూర్చున్నాను. కాలాపేట దారిలో తోలమన్నాను. మామ గేర్లు మార్చే తీరు చూస్తే ముచ్చటేస్తుంది, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు వేస్తాడు.

"ఏంది రా, బండి చూడమంటే నా కాలు చూస్తా ఉండావు?"

"బండి ఆడనుంచే కదా మామా మొదలయ్యేది."

కొంతదూరం పోయాక ఆయన గొంతు తగ్గించాడు. బండిలో మేమిద్దరమే ఉన్నాం, అయినా తగ్గించాడు.

"నిజం చెప్పు. నా కాలా, బండా? కొన్నాళ్ళుగా తొక్కతానే ఉండాననుకుంటా, బండి పోదు. నిజంగా తొక్కతా ఉండానా లేదా అని నాకే అనుమానం వచ్చేసింది."

నేను చూసిందే చెప్పాను. కాలు నేల దాకా దిగుతోంది, వణకడం లేదు, బండే పోవడం లేదు. మామ తల ఊపాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ముసలితనం మొదట మనిషికి తన మీదే సందేహం పెడుతుందేమో. ఇప్పుడు నాకూ తెలుస్తోంది, ఇంట్లోకి ఎందుకు వచ్చానో మరచిపోయి గడపలో నిలబడినప్పుడల్లా.

అద్దంలో వెనక్కి చూశాను. గట్టిగా తొక్కినప్పుడు నల్ల పొగ. నిలబెట్టి ఇంజను రేజ్ చేస్తే ఏమీ లేదు, శుభ్రంగా పాడుతోంది. అంటే గాలి జబ్బు. అదీ పరుగెత్తేటప్పుడే వచ్చే ఆయాసం.

షెడ్డుకి వచ్చి బానెట్ ఎత్తాను. టర్బో ఇరుసు వేళ్ళతో కదిపి చూశాను, గట్టిగానే ఉంది. పెద్ద హోస్ పైపులు చేత్తో తడిమాను, చిరుగు లేదు. ఎయిర్ ఫిల్టర్ తీశాను, దాదాపు కొత్తది. మడతల మీద కొంచెం పచ్చటి దుమ్ము ఉంది. "ఎర్ర దుమ్ము చూసినా, నల్ల దుమ్ము చూసినా, ఈ రంగు ఎప్పుడూ చూడలేదు మామా, యాడ తిరిగొచ్చినావు?" అని జోకు వేసి, దులిపి, మళ్ళీ పెట్టేశాను. ఇక్కడ ఆగి చదవండి. చూశాను, జోకు వేశాను, దులిపేశాను. జోకు వేసేవాడికి ఉన్న పెద్ద జబ్బు ఇది. నవ్వు పుట్టగానే ఆలోచన ఆగిపోతుంది.

తర్వాత దొరికింది ఒకటి. టర్బో లోపలి రెక్కలను కదిపే సన్నని రబ్బరు పైపు ఉంటుంది. వేడికి ఎండి, మలుపు దగ్గర సన్నగా చీలింది. కొత్తది వేశాను. ఇంజను అందుకునే తీరు మారింది. నేను చేతులు తుడుచుకుంటూ, పెళ్ళికొడుకు తండ్రిలాగా నిలబడి, "పో మామా, ఇంక బస్సోళ్ళకి నువ్వే దారి ఇయ్యాల" అన్నాను.

మర్నాడు మామ మళ్ళీ వచ్చాడు. మొదట బాగానే లేస్తోందట. వేగం అందుకునే చోట మళ్ళీ అదే నీరసం. "పరవాలేదులే రత్నం. నువ్వు చూసినావు కదా, చాలు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బండికి ఒకే జబ్బు ఉండాలని రూలేమీ లేదు. దొరికిన తప్పు నిజమైనదే, బాగు చేసిందీ సరిగ్గానే, అయినా బండి అలాగే ఉండవచ్చు. ఒక కారణం దొరకగానే మన మనసు టీకి పోతుంది. దాన్ని పోనివ్వకూడదు.

ముక్కు

ఇంకేం చేయాలో తోచనప్పుడు దారిని ముక్కలు చేయాలి. గాలి ఎక్కణ్ణుంచి బయలుదేరుతుంది, ఎక్కడికి చేరుతుంది. ముందు లైటు వెనక నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం గాలిని ఫిల్టర్ డబ్బాలోకి తెస్తుంది. బండి ముక్కు అదే. ఫిల్టర్ నుంచి ఇంజను దాకా అంతా చూశాను, ముక్కు మాత్రం చూడలేదు. అక్కడ పాడవడానికి ఏముంది, ఉత్త గొట్టం కదా అని.

ఫిల్టర్ డబ్బాకు ఆ గొట్టం తగిలే చోట విప్పి, పక్కకు తోసి, ఫిల్టర్‌కు నేరుగా గాలి తగిలేలా చేసి, తోలమన్నాను.

సారం దాటకముందే మామ మొహం మారింది. రెండో గేరులో తొక్కగానే బండి మమ్మల్నిద్దరినీ సీటులోకి నెట్టింది. ఎప్పటి నుంచో మూగపోయిన టర్బో ఈల మళ్ళీ వినపడింది. మామ మూడో గేరు వేశాడు, మళ్ళీ తొక్కాడు. ఖాళీ రోడ్డు మీద అవసరం లేకపోయినా ఒకసారి తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు.

"కాలు కాదు" అన్నాడు. నాతో కాదు.

షెడ్డుకి రాగానే, టీ తానే తెస్తానని రోడ్డు దాటి పోయాడు. నేను గొట్టం పూర్తిగా విప్పి లోపలికి చెయ్యి పెట్టాను. వంపు దగ్గర మెత్తగా ఏదో తగిలింది. ఎలుక గూడేమో అనుకున్నాను. బయటికి లాగితే పసుపు గుడ్డ మూట. లోపల పసుపు కొమ్ము, కుంకుమ పొట్లం, ఒక నాణెం. ముడుపు.

బండి నెమ్మదిగా పోయేటప్పుడు మూట గొట్టం మొదట్లో వదులుగా పడి ఉండేది. గట్టిగా తొక్కగానే పీల్పుకి వంపు దాకా పోయి బిగుసుకునేది, కాలు తీస్తే మళ్ళీ వదులయ్యేది. ఫిల్టర్ మీద పచ్చటి దుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. అంత దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వాను.

ఎవరు కట్టారో అడగనక్కర లేదు. ముడుపు నేల మీద పెట్టకూడదు కాబట్టి షెడ్డులో దేవుడి పటం దగ్గర పెట్టాను. మామ టీ తెచ్చి "ఏముండాది లోపల?" అని అడిగితే, "ఏదో అడ్డం పడి ఉండాది మామా, రేపు చెప్తా" అన్నాను. అంత సంతోషంలో ఉన్న మనిషి ఎక్కువ ప్రశ్నలు వేయడు.

మాడం

మామకు ముందు చెబితే ఇంట్లో ఏమవుతుందో తెలియదు. అత్తకు చెప్పకపోతే ఇంకో ముడుపు అదే చోటికి వస్తుంది. మర్నాడు పొద్దున మామ క్షవరానికి పోయిన సమయం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. రాజమ్మత్త గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది. నా చేతిలోని పసుపు గుడ్డ చూసి, ఆకు పక్కన పెట్టింది.

"దొరికిందా?"

"గొట్టంలో ఉన్నింది అత్తా."

"గొట్టమా? నాకేం తెలుసు. లైటు వెనక చిన్న మాడం మాదిరి ఉన్నింది, దీపం పెట్టే గూడు లాగ. ఆడ పెట్టినా. ముందర అద్దానికి కడితే ఆయన కంటికడ్డమని పీకేస్తాడు. ఈ ముడుపు మనిషితోనే ఉండాల కదా. ఆయన బండి కడిగి కాఫీకి లోపలికొచ్చినప్పుడు పెట్టేసినా."

"ఏమని మొక్కుకున్నావు?"

"ఇంకేమని? ఆయన నిదానంగా పోవాలని. అంత వేగం ఎందుకు ఈ వయసులో? మైలం మురుగన్‌కి మొక్కుకున్నా."

"స్వామి నీ మాట అట్లే విన్నాడత్తా. నిదానమంటే మామూలు నిదానమా? సైకిలోళ్ళు మామకి చెయ్యి చూపించి పోతా ఉండారు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వు ఆగింది.

"ఆ లారీ కాడ... అది కూడా దీనివల్లేనా?"

నా నోట్లో జోకులు లేకపోవడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

"అవునత్తా."

ఆమె మునగాకు మళ్ళీ ముందుకు లాక్కుంది. ఒక్కో ఈనె తీసి, దాంట్లో ఆకు లేకపోయినా దూసింది. నేను పోతానంటే, "ఉండు. నువ్వేమీ చెప్పబాకు. నేనే చెప్తా" అంది.

మామ గడ్డం నున్నగా, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి, అత్తను చూసి, పసుపు మూట చూసి ఆగిపోయాడు. అత్త లేచి నిలబడి మొత్తం చెప్పింది. సాకులు లేవు, ఏడుపు లేదు. తానే పెట్టానని, ఆయన బాగుండాలని పెట్టానని, దానివల్లే లారీ పక్కన బండి ఆగిపోయిందని చెప్పింది. తాళం ఇవ్వమని తాను అడగడం కూడా తప్పేనని చెప్పింది.

మామ అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అరుస్తాడని నేను కాస్త పక్కకు జరిగాను, స్పానర్లు విసిరే షెడ్డులో పెరిగినవాణ్ణి కదా. ఆయన తన కుడికాలి వైపు చూసుకున్నాడు.

"అయితే నా కాలు బాగుండాదా?"

"నీ కాలికేమి" అంది అత్త. "ఎద్దు కాలు."

మామ ఆ కాలు చాపి, మళ్ళీ ముడిచాడు. తర్వాత ఆయన భుజాలు ఊగాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియక నేను మునగాకు వైపు చూశాను. నవ్వే. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అత్త లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది, తాళం కూడా తెచ్చింది. వారం గడవకముందే ఆయన తాళం ఆమె చేతికిచ్చేశాడని అప్పుడు తెలిసింది. నా షెడ్డుకి తెచ్చినప్పుడల్లా ఆమెనడిగి తెచ్చాడన్నమాట.

తాళం ఆయన చేతిలో పెట్టి అంది, "మొక్కు తీర్చాల. నేను పక్కనే కూర్చుంటా. ఇంక ముడుపు మాడంలో పెట్టను, నా ఒళ్ళోనే పెట్టుకుంటా."

కొండ దారి

పిల్లలూ, ఈ కథలో మీకు పనికొచ్చేది పైనే చెప్పేశాను. గాలి దారి మొదటి అంగుళం నుంచి చూడండి. ఒక తప్పు దొరికితే రెండోది వెతకండి. విడి భాగాలు మార్చే ముందు, విప్పి తోలి చూడండి. బండిలో ఏది దొరికినా దాన్ని అక్కడ పెట్టిన మనిషి ఒకరుంటారు, ఆ మనిషితో మాట్లాడేటప్పుడు స్పానర్ కింద పెట్టండి. ఇదంతా పాఠం. మిగిలింది నా సరదా కోసం రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున మైలం బయలుదేరాం. నన్ను బలవంతంగా వెనక సీట్లో కూర్చోబెట్టారు, దారిలో ఏమన్నా అయితే దించి తోయించుకోవడానికి. అత్త ముందు సీట్లో, ఒళ్ళో పసుపు మూట, రెండు చేతులూ దాని మీద. మామ దారంతా ఎంత నిదానంగా తోలాడంటే, తిండివనం రోడ్డు మీద ఉన్న ప్రతి టీకొట్టు పేరూ చదువుకున్నాను. లారీలు దాటిపోయాయి, ట్రాక్టరు కూడా దాటింది. ఎవరినీ దాటలేదు మామ. అత్త కోసమే అలా తోలుతున్నాడని ముగ్గురికీ తెలుసు.

గుడికి పోయే కొండ చిన్నది, దారి మాత్రం చివర్లో నిలువుగా లేస్తుంది. మామ మొదటి గేరులో, పాదం ఆనీ ఆనకుండా ఎక్కిస్తున్నాడు. వెనక భక్తుల వ్యాను ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. అత్త ఒకసారి వెనక్కి తిరిగి వ్యాను వైపు చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత మూటను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచెయ్యి మామ మోకాలి మీద వేసింది.

"ఏంది ఇట్ల పాకతా ఉండావు, వెనకోళ్ళు ఎంతసేపు నిలబడాల? తొక్కు."

మామ అద్దంలో నన్ను చూశాడు.

తొక్కాడు.